మా ఊరి మంచినీళ్ళు జాయింట్ వెంచర్ కంపెనీ చేతికి ఇస్తారంట, ఒప్పుకోవచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి

మూడో_అంతస్తు

అందరికీ నమస్తే. ఊరి పేరు వద్దులెండి, కోస్తాలో హైవే పక్కన ఉన్న ఒక మున్సిపల్ కార్పొరేషన్ అనుకోండి. పదిహేనేళ్ళ కింద నేను ఇక్కడికి వచ్చినప్పుడు మా వీధి చివర మిరప తోట ఉండేది, ఇప్పుడు ఆ తోటలో నాలుగు అపార్ట్‌మెంట్లు, ఒక కాలేజీ హాస్టలు, ఒక ఫంక్షన్ హాలు లేచాయి. జనం పెరిగారు గానీ రోడ్డు కింద పైపు మాత్రం అప్పటిదే. రెండ్రోజులకోసారి నీళ్ళొస్తాయి. పొద్దున ఐదున్నరకి వాల్వ్ తిప్పే ఆయన మోపెడ్ సౌండ్ వినపడగానే మా ఆవిడ నన్ను లేపుద్ది, మొత్తం ముప్పావు గంట, అందులో మొదటి ఐదు నిమిషాలు గాలి, ఆ తర్వాత కాసేపు టీ రంగు నీళ్ళు, అవి వదిలేశాక మిగిలినవి సంపులోకి. చాలకపోతే ట్యాంకర్. బోరు నీళ్ళు ఉప్పు, రెండేళ్ళకే గీజర్ కాయిల్ మీద సున్నం గడ్డ కట్టి పోయింది. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్. ఒక్క ఇంటికి ఇన్ని రకాల నీళ్ళు, నీటి పన్ను నోటీసు మాత్రం ఠంచనుగా వస్తది.

ఇప్పుడు విషయం ఏంటంటే మొన్న వార్డు మీటింగ్‌లో చెప్పారు, కార్పొరేషనూ ఒక ప్రైవేటు కంపెనీ కలిసి జాయింట్ వెంచర్ పెట్టి మొత్తం మంచినీళ్ళ సప్లయ్ దానికి అప్పజెప్తారంట, పైపులు మారుస్తారంట, ఇంటింటికీ మీటరు పెడతారంట, 24 గంటలూ నీళ్ళంట, నాగపూర్‌లో ఇలాగే చేశారు సూపర్ సక్సెస్ అంట. నేను మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీని (ఎవరూ ముందుకి రాకపోతే నా నెత్తిన పెట్టారు), వచ్చే ఆదివారం మళ్ళీ మీటింగ్, మా తరఫున అభిప్రాయం రాసి ఇవ్వాలి. మావాళ్ళలో సగం మంది "వచ్చేది రానీ, ఇంతకన్నా ఘోరం ఏముంటది" అంటున్నారు, మిగతా సగం "ఇప్పుడు నీళ్ళు, రేపు గాలి కూడా అమ్ముతారు" అంటున్నారు. నాకైతే రెండూ కరెక్టే అనిపిస్తున్నాయి, అదే నా బాధ.

అలాంటి ఊళ్ళలో ఉన్నవాళ్ళు, ఈ ఫీల్డులో పని చేసినవాళ్ళు ఉంటే చెప్పండి. బిల్లు ఎంత పెరుగుద్ది, నిజంగా 24 గంటలు వస్తయ్యా, మధ్యలో కంపెనీ వదిలేసి పోతే మా గతేంటి.

నారింజ_నగరం

నేను ఉండేది నాగపూర్‌లోనే అన్నా, మా నాన్న రైల్వే ఉద్యోగంతో ఇక్కడికి వచ్చారు, ఇక్కడే సెటిలయ్యాం. కాబట్టి కొంచెం చెప్పగలను.

ముందు ఒక తప్పు సరిచేస్తా. మీ మీటింగ్‌లో చెప్పిన "నాగపూర్‌లో కార్పొరేషనూ కంపెనీ కలిసి జాయింట్ వెంచర్" అనేది కరెక్ట్ కాదు. ఇక్కడ ఆరెంజ్ సిటీ వాటర్ అని ఉంది చూడండి, అది జాయింట్ వెంచరే గానీ రెండు ప్రైవేటు కంపెనీల మధ్య, ఫ్రాన్స్ వెయోలియా, ఇక్కడి విశ్వరాజ్, చెరి సగం. కార్పొరేషన్‌కి అందులో వాటా లేదు. ఫిల్టర్ ప్లాంట్లు, ట్యాంకులు, పైపులు అన్నీ కార్పొరేషన్ ఆస్తే, రేటు పెట్టేదీ కార్పొరేషనే, ఆ కంపెనీ నడిపే కాంట్రాక్టరు మాత్రమే. దాని మీద కన్నేసి ఉంచడానికి కార్పొరేషన్ సొంతంగా నాగపూర్ ఎన్విరాన్‌మెంటల్ సర్వీసెస్ అని ఇంకో కంపెనీ పెట్టుకుంది. 2012 మార్చి 1న మొదలైంది, 25 ఏళ్ళ కాంట్రాక్టు. అంతకుముందే ధరంపేట జోన్‌లో చిన్నగా ఒక ట్రయల్ చేసి చూశారు, నేరుగా 24 లక్షల మంది ఊరు మొత్తాన్ని తీసుకెళ్ళి చేతిలో పెట్టలేదు. మీ వాళ్ళు ట్రయల్ మాటేమన్నా ఎత్తారా?

ఏం మారింది అంటే, మా ఏరియాలో రోడ్డు మొత్తం తవ్వి పాత ఇనప పైపు కనెక్షన్లు పీకి నీలం రంగు ప్లాస్టిక్ పైపు వేసి గేటు దగ్గర మీటరు పెట్టారు. ఒక వర్షాకాలం అంతా బురదలో నడిచాం. తర్వాత ప్రెషర్ బాగుంది, రంగు నీళ్ళు పోయాయి, కంప్లైంట్ చెయ్యడానికి ఒక నంబరు ఉంది. కానీ "నాగపూర్ మొత్తం 24 గంటలు" అని ఎవరైనా అంటే నమ్మకండి, ఇన్నేళ్ళయినా అన్ని చోట్లా రాలేదు, ఊరి చివర లేఅవుట్లకి ఇంకా ట్యాంకర్లు తిరుగుతుంటాయి. రేటు కూడా ఏటా 5 శాతం పెరిగేలా రూల్‌లోనే రాసుకున్నారు, దాని గురించి కౌన్సిల్‌లో గొడవ మామూలే.

ఇంకో మాట, అసలు మాట ఇదే. 2019 జూలైలో ఇంత పెద్ద సిస్టమ్ ఉన్న ఊళ్ళో రోజు విడిచి రోజు నీళ్ళిచ్చారు. కంపెనీ తప్పు కాదు, కార్పొరేషన్ తప్పూ కాదు. మాకు నీళ్ళొచ్చేది పెంచ్ నది మీద తోత్లాడోహ్ డ్యామ్ నుంచి, కొంచెం కన్హాన్ నది నుంచి. పైన మధ్యప్రదేశ్ వాళ్ళు చౌరాయి దగ్గర డ్యామ్ కట్టుకున్నారు, ఆ ఏడు వానలు లేటు, డ్యామ్ అడుగంటింది. మీటరు ఉంది, కొత్త పైపు ఉంది, కాల్ సెంటర్ ఉంది, నీళ్ళు లేవు. ఆ నెలలో మా అమ్మ అటక మీద నుంచి పాత ఇత్తడి బిందెలు దించి చింతపండుతో తోమించింది, "పారెయ్యమన్నావుగా" అని నన్ను రోజూ దెప్పేది.

కాబట్టి మీ ఊరికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో అది ముందు అడగండి.

నీళ్ళు_మనవే

ఇందులో ఆలోచించేదేముంది బాసూ, వద్దని రాసివ్వు. బొలీవియాలో కొచబాంబా అని ఊరు, నీళ్ళు కంపెనీకిచ్చారు, రేట్లు పెంచారు, 2000 సంవత్సరంలో జనం రోడ్డెక్కితే కాంట్రాక్టు రద్దు చేసి పంపించాల్సి వచ్చింది. అంత దూరం ఎందుకు, ఇదే వెయోలియా పుట్టిన దేశంలో పారిస్ సిటీ వాళ్ళు 2010లో మొత్తం వెనక్కి తీసుకుని సొంత సంస్థ పెట్టుకున్నారు, మరుసటి ఏడాది రేటు 8 శాతం తగ్గించారు కూడా. వాళ్ళకి వద్దయింది మనకి కావాలా?

గవర్నమెంటుకి చేతకాదు అనేది ఒట్టి మాట. కంబోడియా నాంఫెన్ తీసుకో, యుద్ధాలతో చితికిపోయిన ఊరు, 1993లో తయారు చేసిన నీళ్ళలో 72 శాతం లీకేజీలకీ దొంగతనాలకీ పోయేది, దాన్ని 6 శాతానికి తెచ్చింది ప్రభుత్వ సంస్థే. ఏక్ సోన్ చాన్ అని ఆయన డైరెక్టరు. ఒక మిలిటరీ జనరల్ ఇంటికి మీటరు పెట్టబోతే తుపాకీ తలకి పెట్టారంట, వెనక్కెళ్ళి పోలీసుల్ని తీసుకొచ్చి కనెక్షన్ కట్ చేశాడంట. 2006లో ఆయనకి మెగసెసే అవార్డు ఇచ్చారు. మన పక్కన పూరీ చూడు, శ్రీకాకుళం దాటితే ఒరిస్సానేగా, 2021 జూలై నుంచి కుళాయి తిప్పి నేరుగా తాగేస్తున్నారు, నడిపేది గవర్నమెంటు కంపెనీ వాట్కో. మీటరు రీడింగు, బిల్లు వసూలు, నీళ్ళ టెస్టింగ్ అన్నీ జలసాథి అని లోకల్ ఆడవాళ్ళ చేత చేయిస్తున్నారు. ఏ జాయింట్ వెంచరూ లేదు.

ఫెర్రూల్_తాత

నేను పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగ్‌లో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. పై ఇద్దరూ చెప్పింది వాస్తవమే. కానీ కంపెనీనా ప్రభుత్వమా అనే గొడవలో పడి అసలు మన ఊళ్ళలో నీళ్ళు ఎందుకు రావో చాలామందికి తెలియదు, అది చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

మనిషికి రోజుకి 135 లీటర్లు ఇవ్వాలని లెక్క. చాలా ఊళ్ళలో ఫిల్టర్ బెడ్ దగ్గర నుంచి బయల్దేరే నీళ్ళని జనాభాతో భాగిస్తే దానికి దగ్గరదగ్గరగానే ఉంటుంది. మరి కుళాయి దగ్గర ఎందుకు లేవు? దారిలో పోతున్నాయి కాబట్టి. మా రోజుల్లో లీకేజీ పట్టడానికి మిషన్లు లేవు, తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకి ఊరు నిద్రపోతున్నప్పుడు నేనూ ఒక ఫిట్టరూ వెళ్ళి, వాల్వ్ మీద పొడుగాటి ఇనప రాడ్డు ఆనించి రెండో కొస చెవికి పెట్టుకుని వినేవాళ్ళం. లీకు ఉంటే సన్నగా పాము బుసలాగా సౌండ్ వస్తుంది. ఆ ఫిట్టరు చదువుకున్నది అయిదో తరగతి, వినగానే "సార్, ఆ వేపచెట్టు కాడ" అనేవాడు, తవ్వితే అక్కడే ఉండేది. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టులో మనిషిని వెయ్యలేదు. ఔట్‌సోర్సింగ్ కుర్రాళ్ళు వచ్చారు, వాళ్ళకి పైపు ఎటు పోతుందో కూడా తెలియదు, పాపం వాళ్ళ తప్పు కాదు, మ్యాపు ఉంటే కదా.

ఇక మూడో అంతస్తు గారూ, మీ టీ రంగు నీళ్ళ సంగతి. పైపులో రోజంతా ప్రెషర్ ఉంటే చిల్లు ఉన్నా నీళ్ళు బయటికి పోతాయి గానీ బయటి మురికి లోపలికి రాదు. రెండ్రోజులకి ముప్పావు గంట ఇచ్చి మిగతా టైమంతా పైపు ఖాళీగా పెడితే, పక్కనున్న సైడు కాలవలోది మెల్లగా లోపలికి దిగుతుంది. దానికి తోడు మీలాంటి అపార్ట్‌మెంట్ల వాళ్ళు (కోపం తెచ్చుకోకండి) కుళాయికి డైరెక్టుగా మోటార్ పెట్టి లాగుతారు, ఆ పీల్పుకి కాలవలో నీళ్ళు ఇంకా జోరుగా వస్తాయి. గుంటూరులో 2018లో అతిసారం వచ్చినప్పుడు డ్రైనేజీ నీళ్ళు తాగే నీళ్ళలో కలిసిన సంగతి మీరంతా పేపర్లో చదివే ఉంటారు. కాబట్టి 24 గంటల నీళ్ళు అంటే సోకు కాదు, నీళ్ళు శుభ్రంగా ఉండటానికి అదే అసలైన దారి. చివరి ఇంటి కుళాయి దగ్గర లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, మా రోజుల్లో లెక్క ప్రకారం ఒక అంతస్తు ఇంటికి 7 మీటర్లు, రెండంతస్తులకి 12, మూడంతస్తులకి 17 మీటర్ల ప్రెషర్ (అంటే నీళ్ళు అంత ఎత్తుకి ఎక్కగలిగే జోరు) ఉండాలి. మీ మీటింగ్‌లో "24 గంటలు" అన్నారు గానీ ఎన్ని మీటర్ల ప్రెషర్ అని ఎవరైనా చెప్పారా? రోజంతా చుక్క చుక్క కారినా 24 గంటలే అవుతుంది మరి.

ఇప్పుడు జాయింట్ వెంచర్ విషయం. కార్పొరేషన్ తనే వాటాదారు అయితే ఒక లాభం, బోర్డులో కూర్చుంటుంది కాబట్టి లెక్కలు కనపడతాయి. ఒక చిక్కు కూడా ఉంది, అది పెద్దది. కంపెనీ సరిగ్గా చెయ్యకపోతే ఫైన్ వెయ్యాల్సింది కార్పొరేషనే, ఆ ఫైన్‌తో తగ్గేది తన వాటా లాభం కూడా. పరీక్ష రాసేవాడూ పేపర్లు దిద్దేవాడూ ఒక్కడే అయితే ఎలా ఉంటుందో అలా. నాగపూర్ తమ్ముడు చెప్పిన పద్ధతిలో ఆ చిక్కు లేదు, ఎందుకంటే కార్పొరేషన్ అందులో వాటా తీసుకోలేదు. మీకు చూపించేది నాగపూర్ బొమ్మ, కట్టేది వేరే ఇల్లు.

ఆ కాంట్రాక్టులో కంపెనీకి డబ్బు దేనికిస్తారో చూడండి. ప్లాంటు నుంచి వదిలిన నీళ్ళకి లెక్కగట్టి ఇస్తే లీకేజీ ఆపాలని వాడికి ఎందుకు ఉంటుంది? ఇంటి మీటర్లో తిరిగిన నీళ్ళకి, వసూలైన బిల్లుకి మాత్రమే ఇస్తామంటే అప్పుడు వాడే రాడ్డు పట్టుకుని వేపచెట్టు కాడికి పోతాడు.

మూడో_అంతస్తు

తాత గారూ, మోటార్ విషయంలో దొరికిపోయాను, మాది మూడు హెచ్‌పీ, డైరెక్టుగా లైనుకే ఉంది. అందరూ పెట్టారని మేమూ పెట్టాం, పెట్టకపోతే చుక్క రాదు.

నారింజ అన్నా, మీరడిగిన నీళ్ళ సోర్సు కనుక్కున్నా. మాది కాలవ నీళ్ళు, ఊరి బయట సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు ఉంది, కాలవ వదిలినప్పుడు నింపుకుని ఎండాకాలం అంతా దాంతో ఈడ్చాలి. ఆ ట్యాంకు తవ్వినప్పటి జనాభాకి లెక్కేసి తవ్వారు, పూడిక కూడా బాగా పేరుకుంది. ఈ ప్రాజెక్టులో ఆ ట్యాంకు పెంచడం ఉందా అని మా వార్డు ఆయన్ని అడిగితే "అది వేరే స్కీము" అన్నాడు. ఏ స్కీము అంటే ఫోను వచ్చిందని పక్కకెళ్ళాడు, మళ్ళీ రాలేదు.

ధార్వాడ_కోడలు

నాది అనంతపురం, పెళ్ళయి ధార్వాడ వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. మా అత్తగారి ఇల్లు అదృష్టం కొద్దీ పైలెట్ వార్డులో ఉంది. హుబ్బళ్ళి ధార్వాడ, బెళగావి, కలబురగి ఊళ్ళలో కొన్ని వార్డులు మాత్రం ఎంచుకుని వరల్డ్ బ్యాంకు అప్పుతో, వెయోలియా వాళ్ళ చేత 24 గంటల నీళ్ళు చేయించారు, 2008 నుంచి వస్తున్నాయి. ఇక్కడ కంపెనీకి ఊరు మొత్తం ఇవ్వలేదు, కొన్నేళ్ళు చేసి చూపించి వెళ్ళాలి అంతే.

నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఈ ఇంట్లో నీళ్ళ కోసం ఒక గది ఉండేది అంటే నమ్ముతారా. పెరట్లో సిమెంటు తొట్టి, రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు, పదకొండు బిందెలు, నేను లెక్కపెట్టాను, తోమేది నేనే కదా. నాలుగైదు రోజులకోసారి నీళ్ళు, అదీ ఎప్పుడొస్తాయో తెలీదు, అర్ధరాత్రి రెండింటికి కూడా వచ్చేవి. ఎక్కడికైనా పెళ్ళికి పోవాలంటే "నీళ్ళు వచ్చే రోజా కాదా" అని చూసుకుని పోయేవాళ్ళం. 24 గంటలు మొదలైనాక కూడా మా అత్త ఆరు నెలలు నమ్మలేదు, రోజూ పొద్దున్నే బిందెలన్నీ నింపేది, నిన్నటి నీళ్ళు పాతవైపోయాయని పారబోసి మళ్ళీ నింపేది. మొదటి బిల్లు చూశాక ఆ అలవాటు పోయింది. ఇంకో సంగతి, మా ఇంట్లో టాయిలెట్ ఫ్లష్ ట్యాంకు లోపల వాషరు అరిగి సన్నగా కారుతుండేది, ఎన్నేళ్ళుగా కారుతుందో ఎవరికీ తెలీదు, మీటరు వచ్చాక తెలిసింది. రాత్రి అన్ని కుళాయిలు కట్టేసి టార్చి వేసి చూస్తే మీటరు ముల్లు తిరుగుతూనే ఉంది. ఇరవై రూపాయల వాషరు.

తాత గారు చెప్పిన మురికి సంగతికి ఇక్కడే సాక్ష్యం ఉంది. 2013లో వచ్చిన ఒక స్టడీలో మా వార్డుల కుళాయి నీళ్ళూ, వంతులవారీగా వచ్చే వార్డుల నీళ్ళూ టెస్టు చేశారు. అక్కడ సుమారు మూడో వంతు శాంపిళ్ళలో ఈ-కోలి (మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) దొరికింది, మా వైపు నూటికి ఒకటి కూడా లేదు. ఫిల్టర్ ప్లాంటులో తేడా లేదు, పైపులోనే తేడా.

కానీ చెప్పకపోతే అన్యాయం, మా వీధి దాటితే రెండో వార్డు, వాళ్ళకి ఏళ్ళ తరబడి పాత పద్ధతే. మా పనమ్మాయి అక్కడి నుంచే వచ్చేది, మా ఇంట్లో పని అయిపోయాక రెండు బిందెలు పట్టుకుని పోయేది. ట్రయల్ బాగుంది బాగుంది అని ఢిల్లీ నుంచి కూడా వచ్చి చూసి పోయారు, ట్రయల్ నుంచి ఊరంతటికీ పని మొదలుపెట్టడానికే పదేళ్ళకు పైగా పట్టింది. మీ ఊళ్ళో చేస్తే ఏ వార్డు ముందు, ఏ వార్డు ఆఖరు అని తారీకులతో రాయించుకోండి అన్నా. అందరికీ ఇంజనీరింగ్ లెక్కల ప్రకారమే అంటారు, పెద్దోళ్ళ కాలనీలు ముందు లిస్టులో ఎలా వస్తాయో దేవుడికే తెలియాలి.

సంపు_నిండలే

మాది హైదరాబాద్. మీరు మీటరు మీటరు అంటున్నరు గానీ రోజు విడిచి రోజు నీళ్ళొచ్చే కాడ మీటరు పెడితే ఏమైతదో తెల్సా, నీళ్ళ కంటే ముందు గాలి వస్తది, గాలికి ముల్లు గిరగిర తిరుగుతది. మేం గాలికి కూడా బిల్లు కట్టినోళ్ళమే. అందుకే ముందు నీళ్ళు సక్కగ వచ్చేటట్టు చెయ్యాలె, ఆ తర్వాత మీటరు. మీ దగ్గర ఏది ముందో అడుగు అన్నా.

మాకు 2021 నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఫ్రీ, అదీ మీటరు ఉన్నోళ్ళకే. ఆ ఫ్రీ కోసం మా అపార్ట్‌మెంటోళ్ళు ఎన్నేండ్ల సంది పని చెయ్యని మీటరు వారంల మార్పిచ్చిన్రు, బిల్లు ఎక్కువొస్తది మారుద్దాం అంటే మాత్రం ఒక్కలు రాలే. మీటింగ్‌ల రేటు పెంచుతం అని మొదలుపెడితే ఎవ్వరు వినరు, బీదోళ్ళకు ఇన్ని లీటర్ల దాంక ఫ్రీ లేకుంటే తక్కువ రేటు అని ముందుగాల రాయమను.

ఇగ నీళ్ళ సోర్సు ముచ్చట, మా ఊరే సూడున్రి. 1908ల మూసీ వరదలొచ్చినంక గండిపేట కట్టిన్రు, 1920 నాటికి అయ్యింది, అప్పుడు ఊరి పక్కనే నీళ్ళు. తర్వాత మంజీర పోయినం, తర్వాత కృష్ణ, తర్వాత గోదారి, ఇయ్యాల వంద కిలోమీటర్ల ఆవల కెళ్ళి గుట్టలెక్కిచ్చి పంపు చేస్కొని తాగుతున్నం. కరెంటు బిల్లే నీళ్ళ బిల్లు. నీ జాయింట్ వెంచర్ కంపెనీ పంపింగ్ కరెంటు రేటు పెరిగితే ఎవరి మీద ఏస్తదో అది కూడ సూస్కో.

ఫెర్రూల్_తాత

సంపు నిండలే గారు మంచి మాట చెప్పారు. మీటరు ముందా నీళ్ళు ముందా అన్నది చాలా ఊళ్ళలో ప్రాజెక్టుల పుట్టి ముంచింది.

నీళ్ళు మనవే బాబూ, నాంఫెన్ గురించి మీరు రాసింది బాగుంది, ఒకటి కలుపుతాను. ఆ సంస్థ ప్రభుత్వానిదే అయినా మునిసిపాలిటీలో ఒక సెక్షన్ కాదు, తన ఖాతా తనది, తన మనుషుల్ని తనే తీసుకుంటుంది, తీసేస్తుంది. 2012లో అక్కడి స్టాక్ ఎక్స్ఛేంజిలో కూడా పెట్టారు. పూరీలో కూడా వేరే కంపెనీయే, ఓనరు ప్రభుత్వం. మన దగ్గర నీటి పన్ను వసూలు చేసి జనరల్ ఫండ్‌లో కలిపేస్తారు, వాల్వ్ కొనాలంటే ఫైలు మూడు టేబుళ్ళు తిరుగుతుంది. ఆ తేడాకి ప్రైవేటు అక్కర్లేదు, కానీ ఊరికే "గవర్నమెంటే చెయ్యాలి" అంటే కూడా జరగదు.

అసలు నిజమైన జాయింట్ వెంచర్ అంటే ఎలా ఉంటుందో చూడాలంటే తిరుప్పూర్ చూడండి. అక్కడ తమిళనాడు ప్రభుత్వం, ఐఎల్ఎఫ్ఎస్ అనే ఫైనాన్స్ కంపెనీ, బనియన్ల ఎగుమతిదారుల సంఘం కలిసి కంపెనీ పెట్టాయి. 2005 ప్రాంతంలో భవానీ నది నుంచి 50 కిలోమీటర్లకు పైగా పైపు వేసి రోజుకి 18.5 కోట్ల లీటర్లు తేవడం మొదలుపెట్టారు. లెక్క చాలా తెలివైనది, అద్దకం యూనిట్లకి ఎక్కువ రేటుకి అమ్మాలి, ఆ డబ్బుతో ఊళ్ళో ఇళ్ళకీ చుట్టుపక్కల పల్లెలకీ తక్కువకి ఇవ్వాలి. అంతకు ముందు ఆ యూనిట్లు ట్యాంకర్లలో తెచ్చుకునేవి కాబట్టి వాటికీ లాభమే. కాయితం మీద అందరూ గెలిచారు. తర్వాత ఆ అద్దకం నీళ్ళు నొయ్యల్ నదిని పాడు చేశాయని రైతులు కోర్టుకెళ్ళారు, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు యూనిట్లు మూసెయ్యమంది, దాదాపు ఏడు వందలు. ఒక్కసారిగా కొనేవాడు లేడు. పైపు ఉంది, నీళ్ళున్నాయి, అప్పు వాయిదాలున్నాయి, ఎక్కువ రేటు కట్టేవాడు మాత్రం పోయాడు. అప్పుల్లో కూరుకుపోయింది.

అందుకని మూడో అంతస్తు గారూ, మీ కాయితంలో ఒక్కటి వెతకండి, "కనీస కొనుగోలు" అని కానీ అలాంటి మాట కానీ ఉందేమో. అంటే జనం వాడినా వాడకపోయినా, కాలవ రాక కంపెనీ నీళ్ళు ఇవ్వలేకపోయినా, కార్పొరేషన్ ఇంత కట్టాల్సిందే అని. మీ సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు పరిస్థితి మీరు చెప్పినదే అయితే, మే నెలలో నీళ్ళు లేనప్పుడు ఆ డబ్బు ఎవరు కట్టాలి? కార్పొరేషన్ అంటే మీ ఇంటి పన్నే.

నీళ్ళు_మనవే

తాత గారూ తిరుప్పూర్ సంగతి నాకు తెలీదు, థాంక్స్. నా మాట మాత్రం మార్చుకోను, కానీ "వద్దు" అని ఒక్క ముక్క రాసే బదులు అగ్రిమెంటు మొత్తం తెలుగులో వార్డు ఆఫీసు గోడకి అంటించమని రాయించండి. ఏ కంపెనీ అయినా దానికి ఒప్పుకోకపోతే అక్కడే తెలిసిపోద్ది.

నారింజ_నగరం

ప్లస్ ఒకటి. ఇప్పుడున్న వాల్వ్ వాళ్ళు, ఫిట్టర్లు ఏమవుతారో కూడా అడగండి. ఇక్కడ మొదట్లో పాత స్టాఫ్‌లో చాలామంది కంపెనీ కిందకి పోవడానికి ఇష్టపడలేదు. ఏ వాల్వ్ ఎటు తిరుగుద్దో తెలిసినవాళ్ళు వాళ్ళే కదా, వాళ్ళు దూరమైతే కొత్త కంపెనీ ఏడాది పాటు చీకట్లో తడుముకోవాల్సిందే.

మూడో_అంతస్తు

అందరికీ చాలా థాంక్స్, ఇంత వస్తుందని అనుకోలేదు. ధార్వాడ అక్కా, మీ వాషరు కథ చదివి మా ఆవిడ మా బాత్రూమ్ చెక్ చేసింది, మాదీ కారుతుంది.

నిన్న మా అసోసియేషన్‌లో కూర్చుని ఒక కాయితం రాశాం. ఒప్పుకుంటున్నాం అనీ రాయలేదు, వద్దు అనీ రాయలేదు. సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు పెంచే పని ఇదే ప్రాజెక్టులో పెట్టాలి, లేదంటే అది అయ్యాకే ఇది మొదలుపెట్టాలి. ముందు ఒక్క జోన్‌లో చేసి చూపించాలి, ఆ జోన్‌లో మా వార్డు లేకపోయినా సరే (దీని మీద రెండు గంటలు తిట్టుకున్నాం, రెండో అంతస్తు మాస్టారు అలిగి లేచి వెళ్ళారు). కంపెనీకి ఇంటి మీటరు లెక్క ప్రకారమే డబ్బులు, ప్రెషర్ ఎన్ని మీటర్లో రాయాలి, కార్పొరేషన్ వాటాదారు అయితే ఫైన్ వేసేది ఎవరో చెప్పాలి, నీళ్ళు రాని నెలకి కట్టేదేమీ ఉండకూడదు. ఆఖర్లో అగ్రిమెంటు తెలుగులో గోడకి అంటించాలి.

మోటార్ లైను నుంచి తీసి సంపుకి మార్చాలని నేనే ప్రతిపాదించా. పక్క అపార్ట్‌మెంటు వాళ్ళు తీస్తే మేమూ తీస్తాం అన్నారు మావాళ్ళు. పక్క అపార్ట్‌మెంటు సెక్రటరీని అడిగితే ఆయనా అదే మాట అన్నాడు, మీరు తీస్తే మేం తీస్తాం అని.

ఆదివారం ఏం జరిగిందో వచ్చి రాస్తా. ఐదున్నర అయింది, మోపెడ్ సౌండ్ వినపడుతోంది, పోవాలి.